నెయిల్సా, మేకప్పా, స్కిన్నా? చేతులు దెబ్బతిన్న ఒక హెయిర్ కలరిస్ట్ కేసు

బ్యూటీ రంగంలో ఏ శాఖలో స్థిరపడాలో తేల్చుకోలేకపోతున్నవాళ్లకు దారి వెతకడంలో తోడుండటం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది "ఏ కోర్సు చేస్తే మంచిది?" అనే అడుగుతారు. ఈ కేసూ అలాగే మొదలైంది. అయితే కోర్సు మాటను చాలాకాలం పక్కన పెట్టాల్సి వచ్చింది. చివరికి ఆమె చేరిన శిక్షణ, మొదట అడిగిన మూడింటిలో ఏదీ కాదు. తోటి కౌన్సెలర్లకూ, ట్రైనింగ్ ఇచ్చేవాళ్లకూ, చేతుల మీది ఎర్రదనం కనబడకుండా సెలూన్‌లో రోజంతా నిలబడుతున్నవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను. ఆమె అనుమతి ఉంది. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమెకు ముప్పైకి దగ్గర వయసు. చిన్న వయసులోనే సెలూన్‌లో హెల్పర్‌గా చేరింది. మొదట్లో పనంతా షాంపూ బేసిన్ దగ్గరే. తలలు కడగడం, టవల్స్ మార్చడం, కలర్ బౌల్స్ శుభ్రం చేయడం. తర్వాత కటింగ్ నేర్చుకుంది, ఆ తర్వాత కలర్‌లోకి వచ్చింది. అక్కడ ఆమె చెయ్యి తిరిగింది. వేరేచోట పాడైపోయిన రంగును సరిచేయించుకోవడానికి వచ్చేవాళ్లను కూడా ఆమెకే అప్పగించేవారు. జీతం కొంత, చేసిన పని మీద కమిషన్ కొంత. ఆదాయంలో పెద్ద భాగం కలర్ నుంచే వచ్చేది.

ఇంట్లో ఆమె సంపాదన మీద ఆధారపడ్డవాళ్లు ఉన్నారు. ఈ ఒక్క విషయం తర్వాతి ప్రతి నిర్ణయాన్నీ ప్రభావితం చేసింది. పని మానేసి ఏడాదిపాటు చదువుకునే వెసులుబాటు ఆమెకు లేదు.

వచ్చిన సమస్య

మొదటి రోజు ఆమె మూడు బ్రోషర్లతో వచ్చింది. ఒకటి నెయిల్ ఎక్స్‌టెన్షన్స్, ఒకటి ప్రొఫెషనల్ మేకప్, ఒకటి స్కిన్ అండ్ లేజర్. నెయిల్స్ కోర్సుకు ఫీజు కట్టే గడువు దగ్గర పడింది. వాళ్ల అక్క ఆ డబ్బు సర్దుతానని మాట ఇచ్చింది. "మేడమ్, ఈ మూడింటిలో ఏది ఎంచుకోమంటారు? హెయిర్‌లో ఇక ఎదుగుదల లేదనిపిస్తోంది" అంది.

ఎదుగుదల లేదన్న మాట నాకు పొసగలేదు. కలర్ కరెక్షన్ దాకా వచ్చిన మనిషికి హెయిర్ రంగంలో ముందు దారి మూసుకుపోయి ఉండదు. అందుకే కోర్సుల గురించి మాట్లాడకుండా, నిన్న ఉదయం సెలూన్‌కి వెళ్లినప్పటి నుంచి రాత్రి ఇంటికొచ్చేదాకా ఏం చేశారో వరసగా చెప్పమన్నాను. నేను దాదాపు అందరినీ ఇదే అడుగుతాను. "మీకు ఏది ఇష్టం?" అంటే మనుషులు తమ గురించి తాము అనుకునేది చెబుతారు. నిన్నటి రోజు చెప్పమంటే జరిగింది చెబుతారు.

ఆమె చెబుతున్నదాంట్లో ఒకచోట ఆగాను. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు చేతులకు ఆయింట్‌మెంట్ రాసుకుని, పాలిథిన్ కవర్లు తొడుక్కుని కూర్చుంటానని మామూలుగా అనేసింది. చేతులు చూపించమన్నాను. వేళ్ల మధ్య చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. బొటనవేలి పక్కన లోతైన పగుళ్లు ఉన్నాయి. మణికట్టు దగ్గర చిన్న చిన్న పొక్కులు ఎండి పొరలు లేస్తున్నాయి. ఏడాదికి పైగా ఇలాగే ఉందట. సెలవు పెట్టిన వారం తగ్గుతుంది, తిరిగి వెళ్లిన కొద్ది రోజులకే మళ్లీ మొదలవుతుంది. "ఈ ఫీల్డ్‌లో అందరికీ ఉండేదే కదా మేడమ్" అంది. ఓనర్‌కి చెప్పలేదు. చెబితే కలర్ పని వేరేవాళ్లకు ఇచ్చేస్తారని భయం.

అప్పటికి నాకు అసలు ప్రశ్న కనబడింది. తనకు ఇష్టమైన పని నుంచి ఆమె పారిపోవాలనుకోవడానికి కారణం నొప్పి. ఆ నొప్పికి ఎదుగుదల అని పేరు పెట్టుకుంది. ఎదుగుదల కోసం మారేవాళ్లకు ఇచ్చే సలహా ఇలాంటివాళ్లకు ఇస్తే, అదే నొప్పి కొత్త చోట ఎదురుకావచ్చు.

మొదటి నిర్ణయం: కోర్సు కంటే ముందు డాక్టర్

ఫీజు కట్టొద్దని చెప్పలేదు, కొన్నాళ్లు ఆగమన్నాను. ముందు చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి వెళ్లి, పని గురించి పూర్తిగా చెప్పి, ప్యాచ్ టెస్ట్ అవసరమేమో అడగమన్నాను. ఆమె గతంలో మందుల షాపులో అడిగి క్రీములు తెచ్చుకుందే తప్ప పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదు.

నా ఆలోచన ఇదీ. సెలూన్ పనిలో చేతులు పాడవడానికి రెండు వేర్వేరు దారులున్నాయి. ఒకటి, నీళ్లు, షాంపూలు, తడి కలిసి చర్మం పైపొరను రోజురోజుకూ అరగదీయడం. రోజుకు రెండు గంటలకు మించి చేతులు తడిలో ఉన్నా, 20 సార్లకు మించి కడుక్కున్నా దాన్ని తడి పనిగా లెక్కిస్తారు. గాలాడని గ్లౌజుల్లో గంటల తరబడి చేతులు చెమటతో నానినా ఆ లెక్కలోకే వస్తుంది. షాంపూ బేసిన్ దగ్గర నిలబడే హెల్పర్ ఈ హద్దును సగం రోజులోనే దాటేస్తుంది. రెండోది అలర్జీ. ఒక ఫలానా రసాయనాన్ని శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాత కొంచెం తగిలినా ఎదురుతిరుగుతుంది. మొదటిదైతే జాగ్రత్తలతో బాగుపడే అవకాశం ఎక్కువ. రెండోదైతే ఆ గుర్తు సాధారణంగా జీవితాంతం పోదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, చాలాసార్లు కలిసే ఉంటాయి. ఏది ఎంతుందో తెలియకుండా "హెయిర్‌లో ఉండొచ్చా, వదిలేయాలా" అన్నదానికి జవాబు ఉండదు.

ప్యాచ్ టెస్ట్‌లో అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద చిన్న పట్టీలతో అంటిస్తారు. 48 గంటల తర్వాత తీసి చూస్తారు, ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. ఈ రకం అలర్జీ నెమ్మదిగా బయటపడుతుంది కాబట్టి రెండోసారి చూడటం ముఖ్యం. ఆమెకు పారా ఫెనిలిన్ డయామిన్‌కి, అంటే సెలూన్లలో పీపీడీ అనే పదార్థానికి, స్పష్టంగా అలర్జీ వచ్చింది. ముదురు రంగు పర్మనెంట్ హెయిర్ కలర్లలో చాలావాటికి ఇదే మూలం. దానికి తోడు తడి పని వల్ల వచ్చిన ఎగ్జిమా కూడా ఉందని డాక్టర్ రాశారు.

రిపోర్టు పట్టుకుని వచ్చిన రోజు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కలరిస్ట్‌కి కలర్ పడకపోవడం ఎంత బాధో పక్కనుంచి చూసేవాళ్లకు పూర్తిగా అర్థం కాదు. ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోవద్దని మాత్రం చెప్పాను.

మొదటి ప్రయత్నం: ఉన్నచోటే, జాగ్రత్తలతో

ఆమె మొదటి కోరిక ఉన్న పనిలోనే కొనసాగడం. నేను అడ్డు చెప్పలేదు. అలర్జీ ఉందని తేలినా, తగలకుండా చేసుకోగలిగితే పని వదలాల్సిన అవసరం లేదు. అది కుదురుతుందో లేదో ఆమె సెలూన్‌లోనే తేలాలి. ఇంత ఇష్టపడే పనిని ప్రయత్నించకుండా వదిలేస్తే ఆ వెలితి తర్వాత ఏ శాఖకు వెళ్లినా వెంట వస్తుందని కూడా అనిపించింది.

డాక్టర్ సలహాతో కలిపి ఒక ప్రణాళిక రాసుకున్నాం. కలర్ కలపడం దగ్గర్నుంచి కడిగేదాకా నైట్రైల్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) గ్లౌజులు. ఒకసారి తీసినవి మళ్లీ తొడగకూడదు, తిరగేసి వాడటం అసలే వద్దు. మణికట్టు దాటి వచ్చే పొడవు ఉండాలి. కటింగ్, కలర్ రెండూ ఉన్న క్లయింట్‌కి ముందు కటింగ్, తర్వాత కలర్. అప్పుడే రంగు వేసిన తడి జుట్టును ఒట్టి చేతులతో పట్టుకోవాల్సిన పని తప్పుతుంది. తలలు కడగడం వీలైనంతవరకు హెల్పర్లకు, వాళ్లకూ గ్లౌజులు. చేతులకు వాసన లేని మాయిశ్చరైజర్.

ఈ దశలో ఆమె తరచుగా అడిగిన ప్రశ్న ఒకటుంది: "అమ్మోనియా లేని కలర్ వాడితే సరిపోదా?" ఇది చాలామందికి ఉన్న అపోహ. అమ్మోనియా పని జుట్టు పైపొరను తెరవడం. పీపీడీ పని రంగు ఇవ్వడం. అమ్మోనియా తీసేసినంత మాత్రాన పీపీడీ పోదు. పీపీడీ లేదని రాసిన కొన్ని కలర్లలో దాని దగ్గరి బంధువైన టొలుయిన్ డయామిన్ ఉంటుంది. పీపీడీ పడనివాళ్లలో చాలామందికి అదీ పడదు. డబ్బా ముందు పెద్దగా రాసింది చదివి కాకుండా, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితా చదివి డాక్టర్‌కి చూపించమన్నాను.

ఎక్కడ ఆగిపోయింది

వేళ్ల మధ్య ఎర్రదనం బాగా తగ్గింది. తడి వల్ల వచ్చిన భాగం అదుపులోకి వచ్చిందని అర్థం. కానీ మణికట్టు మీద పొక్కులు ఆగలేదు. కారణం వెతకడానికి నేను ఒక మధ్యాహ్నం సెలూన్‌లో కూర్చుని గమనించాను.

గ్లౌజులు ఆమె క్రమం తప్పకుండా వాడుతోంది. రంగు మాత్రం ఆమె చేతి నుంచే రావడం లేదు. వేరే స్టైలిస్టులు వాడిన బ్రష్ పిడి మీద ఉంది, ట్రాలీ అంచు మీద ఉంది, టైమర్ బటన్ మీద, టవల్స్ మీద ఉంది. గ్లౌజు తీశాక ఆమె తాకే ప్రతి చోటా కొంచెం కొంచెం ఉంది. ఇంకా ఆక్సిడైజ్ కాని, అంటే పూర్తిగా రంగుగా మారని మిశ్రమమే ఎక్కువ ప్రమాదం, అది ఆ చిన్న గదిలో అన్నిచోట్లా ఉంది. పైగా కమిషన్ పద్ధతిలో ఒక క్లయింట్ అవగానే ఇంకో క్లయింట్. పద్ధతిగా గ్లౌజు మార్చే ఆ కొన్ని నిమిషాలు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఆమె ఒక్కదాని క్రమశిక్షణతో సరిపోయే సమస్య కాదని అప్పుడు తేలింది. సెలూన్ మొత్తం మారితే తప్ప ఈ దారి నిలబడదు, అది మారుస్తానని ఓనర్ మాట ఇచ్చే పరిస్థితి అప్పటికి లేదు. ఇక మూడు బ్రోషర్ల దగ్గరికి వచ్చాం.

మూడు దారులు, మూడు లెక్కలు

నెయిల్స్ గురించి నాకు మొదటి నుంచీ భయం ఉంది, దాన్ని దాచకుండా చెప్పాను. పీపీడీ అలర్జీ ఉన్నంత మాత్రాన నెయిల్ పదార్థాలు పడవని కాదు, రెండూ వేర్వేరు రసాయన కుటుంబాలు. కానీ జెల్, యాక్రిలిక్ పనిలో వాడే యాక్రిలేట్లు కూడా అలర్జీ తెప్పించడంలో పేరుపడ్డవే. పగుళ్లున్న చర్మం గుండా అవి మరింత సులువుగా లోపలికి పోతాయి. పల్చటి గ్లౌజుల్లోంచి కూడా కొద్ది నిమిషాల్లోనే దూరిపోతాయి. ఈ యాక్రిలేట్లలో బాగా తెలిసిన హెమా (HEMA) అనే రసాయనం మీద యూరోపియన్ యూనియన్ 2020లో నియమం తెచ్చింది. అది ఉన్న నెయిల్ ఉత్పత్తులు వృత్తి నిపుణుల వాడకానికి మాత్రమేనని, అలర్జీ కలిగించవచ్చని లేబుల్ మీద రాయాలి. నిపుణుల కోసమే అన్న ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది: రోజంతా దానితో మెలిగేది ఆ నిపుణులే. ఒకసారి యాక్రిలేట్ అలర్జీ వస్తే అది సెలూన్‌తో ఆగకపోవచ్చు. పళ్ల ఫిల్లింగ్‌లలో, ఎముకల ఆపరేషన్లలో వాడే సిమెంట్‌లో కూడా ఈ కుటుంబం పదార్థాలు ఉంటాయి. ఒక అలర్జీతో ఉన్న మనిషి, చర్మం ఇంకా మానకముందే, రెండోదానికి తలుపు తీయడం మంచిది కాదనిపించింది. డాక్టర్ కూడా అదే చెప్పారు. నెయిల్స్ ఫీజు ఆగిపోయింది.

మేకప్ మీద ఆమెకు ఆశ ఎక్కువ. రసాయనాల పరంగా నాకు పెద్ద అభ్యంతరం కనబడలేదు. నా అనుమానం పని స్వభావం మీద. అందుకే కోర్సు కట్టే ముందు, అనుభవం ఉన్న ఒక మేకప్ ఆర్టిస్ట్ దగ్గర సెలవు రోజుల్లో సహాయకురాలిగా వెళ్లేలా ఏర్పాటు చేశాం. ఒక సీజన్ మొత్తం చేయాలని ఒప్పందం. ఒకటి రెండు ఈవెంట్లు చూస్తే ఉత్సాహమే కనిపిస్తుంది, సీజన్ పూర్తిగా చూస్తేనే పని కనిపిస్తుంది.

ఆమె నైపుణ్యానికి లోటు రాలేదు. రంగుల మీద పట్టు ఉంది కాబట్టి అండర్‌టోన్ (చర్మం లోపలి ఛాయ) చూడటం, మచ్చల రంగును కప్పే కరెక్టర్ ఎంచుకోవడం త్వరగా పట్టుకుంది. కానీ మూడు విషయాలు ఎదురొచ్చాయి. మొదటిది ఆదాయం వచ్చే తీరు. పెళ్లిళ్లున్న నెలల్లో ఊపిరాడదు, మిగతా నెలల్లో ఫోన్ మోగదు. ఇంట్లో నెలనెలా కట్టాల్సినవి ఉన్నవాళ్లకు ఏడాది మొత్తం లెక్కలో సరిపోయే ఆదాయం సరిపోదు, ప్రతి నెలా రావాలి. రెండోది తెల్లవారకముందే మొదలయ్యే రోజులు, బరువైన కిట్ మోసుకుంటూ ప్రయాణాలు. మూడోది ఆమె ఊహించనిది. ఎంత బాగా చేసినా ఆ మనిషి మళ్లీ రాదు. హెయిర్ కలర్‌లో క్లయింట్ నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వేర్లు కనబడగానే వస్తుంది, పోయినసారి వేసిన రంగు ఎలా నిలిచిందో చూపిస్తుంది. "నేను చేసింది సరిగ్గా ఉందో లేదో నాకు తెలియడం లేదు మేడమ్" అని ఆమె ఒకరోజు అంది. ఆ మాటను నా నోట్స్‌లో అండర్‌లైన్ చేసుకున్నాను. తన పని ఫలితాన్ని కాలం మీద చూడటం ఆమెకు జీతమంత అవసరం.

సీజన్ అయ్యాక మేకప్ వద్దని ఆమే నిర్ణయించుకుంది. ఫీజు పోలేదు, ఉద్యోగం పోలేదు. పోయింది కొన్ని సెలవు రోజులు మాత్రమే.

స్కిన్ అండ్ లేజర్ బ్రోషర్ విషయంలో ఎక్కువసేపు ఆలోచించలేదు. ఫేషియల్స్, క్లీనప్‌లు ఆమెకు చేతకాని పని కాదు, కానీ క్లయింట్‌కీ క్లయింట్‌కీ మధ్య చేతులు కడుగుతూనే ఉండాలి. తడి పని నుంచి తప్పించుకున్నట్టు కాదు. లేజర్ విషయం వేరు. లేజర్ కాంతిని చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా పీల్చుకుంటుంది, అందుకే రంగు ముదురుగా ఉన్న చర్మానికి సెట్టింగ్ తప్పితే కాలిన గాయాలు, మచ్చలు పడతాయి. ఆ పని ఎవరు చేయొచ్చు, ఎవరి పర్యవేక్షణలో చేయాలి అన్న నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. చాలాచోట్ల వైద్యులకూ, వాళ్ల కింద పనిచేసేవాళ్లకే అనుమతి. మెషిన్ అమ్మే కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆ మెషిన్ నడపడం నేర్చుకున్నారని చెబుతుంది, నడపడానికి చట్టం ఒప్పుకుంటుందని చెప్పదు. "ఈ సర్టిఫికెట్‌తో నేను ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో పనిచేయొచ్చు? రాసి ఇస్తారా?" అని కోర్సువాళ్లను అడగమన్నాను. అడిగింది. రాసి ఇవ్వలేదు. బ్రోషర్ పక్కన పెట్టేసింది.

పని డైరీలో కనబడింది

మూడూ పోయాక ఆమెకు బాగా టెన్షన్ పట్టుకుంది. ఆ దశలో చాలామంది కౌన్సెలర్లు నాలుగో ఎంపిక చూపించడానికి తొందరపడతారు. నేను ఆమె చేతిలో ఉన్న పనినే విడదీసి చూద్దామన్నాను.

కొన్ని వారాలు ఒక డైరీ రాయమన్నాను. ప్రతి పని పక్కన రెండే విషయాలు: చేతులకు ఏమైంది, మనసు ఎక్కడుంది. పెద్దగా రాయక్కర్లేదు, ఒక్కో లైను చాలు. తిరిగి తెచ్చినప్పుడు ఇద్దరం కలిసి చదివాం. చేతులకు ఇబ్బంది అని రాసిన చోటల్లా పని ఒకటే: కలపడం, పూయడం, కడగడం. ఆమె మనసు పూర్తిగా ఉందని రాసిన చోట్లు వేరు. ఎవరిదో రంగు చెడిపోయినప్పుడు ఆమెను పిలిచి "ఇప్పుడేం చేయాలి?" అని అడిగిన సందర్భాలవి.

ఒక ఉదాహరణ రాస్తాను. ఇంట్లో నల్ల రంగు చాలాసార్లు వేసుకున్న ఒక క్లయింట్ లేత బ్రౌన్ కావాలని వచ్చింది. కొత్త స్టైలిస్ట్ నేరుగా బ్రౌన్ కలర్ కలిపేయబోయింది. ఈమె ఆపింది. వేసిన రంగు మీద ఇంకో రంగు వేస్తే జుట్టు తేలికపడదు, ముందు పాత రంగును తీయాలి. తీసేటప్పుడు ముదురు జుట్టు ముందు ఎర్రబడుతుంది, తర్వాత ఆరెంజ్, ఆ తర్వాత పసుపు. ఆరెంజ్ దశలో ఆపితే నీలం పాళ్లున్న టోనర్ (మిగిలిన ఛాయను సరిచేసే రంగు) కావాలి, పసుపు దాకా వెళితే వయొలెట్. చివర్లు అప్పటికే పొడిబారాయి కాబట్టి అక్కడ 40 వాల్యూమ్ డెవలపర్ (రంగులో, బ్లీచ్‌లో కలిపే ద్రావణం) ముట్టుకోవద్దు, అది 12 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. 6 శాతం ఉండే 20 వాల్యూమ్‌తో నెమ్మదిగా చేయాలి, ఒక్క సిట్టింగ్‌లో కాదని క్లయింట్‌కి ముందే చెప్పాలి. ఇదంతా ఆమె దూరంగా నిలబడి, చేతులు కట్టుకుని చెప్పింది. పూసింది వేరేవాళ్లు. రంగు అనుకున్నట్టే వచ్చింది.

ఆ పేజీ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఆమె విలువ చేతుల్లో ఉందని ఆమె, ఓనర్, నేను అందరం అనుకుంటూ వచ్చాం. కలర్ పని అంటే ఒకే పనిలా కనిపిస్తుంది కానీ అందులో జుట్టును చదవడం, ఫార్ములా నిర్ణయించడం, క్లయింట్‌కి వివరించడం, కలపడం, పూయడం, కడగడం, ఫలితాన్ని తిరిగి చూడటం ఉన్నాయి. వీటిలో మూడే ఆమె శరీరానికి పడవు. ఆ మూడూ హెల్పర్ రెండేళ్లలో నేర్చుకునేవి. మిగతావి నేర్చుకోవడానికి ఆమెకు చాలా ఏళ్లు పట్టింది.

పనికొచ్చింది

ఓనర్‌తో మాట్లాడాల్సిన సమయం వచ్చింది. అలర్జీ సంగతి చెప్పాలా వద్దా అని ఆమె చాలా సతమతమైంది. చెప్పాలనే నా అభిప్రాయం, కానీ చేతిలో ప్రతిపాదన ఉన్నప్పుడే చెప్పాలి. సమస్య మాత్రమే తీసుకెళితే ఓనర్ పరిష్కారం వెతుకుతారు, ఓనర్‌కి తోచే సులువైన పరిష్కారం వేరే కలరిస్ట్‌ను పెట్టుకోవడం.

ప్రతిపాదన కోసం ఆమె దగ్గర గట్టి ఆధారం ఉంది. క్లయింట్ల ఫార్ములా కార్డులు ఆమె ఏళ్ల తరబడి రాసిపెట్టుకుంది. వాటితోపాటు కొద్ది నెలల్లో సెలూన్‌లో మళ్లీ ఉచితంగా చేయాల్సి వచ్చిన కలర్లు ఎన్ని, ఎందుకు చెడిపోయాయి అన్నది రాయమన్నాను. మళ్లీ చేసిన ప్రతి కలర్‌కీ సెలూన్‌కి ఉత్పత్తి, కుర్చీ, సమయం, క్లయింట్ నమ్మకం నాలుగూ నష్టం. వాటిలో చాలావరకు పూయడంలో వచ్చిన పొరపాట్లు కావు. మొదట జుట్టును సరిగా చదవకపోవడం వల్ల వచ్చినవి.

ఆమె అడిగింది ఇదీ. కలర్ కోసం వచ్చే ప్రతి క్లయింట్‌తో ముందు ఆమె మాట్లాడుతుంది, ఫార్ములా రాసిస్తుంది. ఇద్దరు జూనియర్లు కలిపి పూస్తారు. బాగా కడిగి ఆరబెట్టాక ఫలితం ఆమె చూస్తుంది. పొడి జుట్టు మీద కటింగ్ ఆమె కొనసాగిస్తుంది. కలర్ కలిపే స్థలాన్ని ఒక మూలకు పరిమితం చేస్తారు, అక్కడి బ్రష్‌లు, బౌల్స్ బయటికి రావు. బాగా కడిగిన జుట్టుతో సాధారణంగా ఇబ్బంది తక్కువని డాక్టర్ చెప్పారు, అయినా మొదట్లో దానికీ గ్లౌజులు వేసుకుంది.

జీతం దగ్గర చర్చ చాలాసేపు నడిచింది. కలర్ కమిషన్ ఇప్పుడు ఎవరిది? ఆమె చెయ్యి పెట్టలేదు కాబట్టి ఆమెకు లేదని ఓనర్ మొదటి మాట. ఇక్కడ ముందే ఆమెను సిద్ధం చేశాను. కమిషన్ శాతం గురించి వాదించకుండా, జీతం పెంపు, మళ్లీ చేయాల్సిన కలర్లు తగ్గితే దాని మీద కొంత వాటా అడగమన్నాను. ఓనర్‌కి నష్టం తగ్గాకే ఇవ్వాల్సి వచ్చే డబ్బు కాబట్టి ఒప్పుకోవడం సులువు. మూడు నెలల ప్రయోగానికి ఒప్పుకున్నారు. ఆ మూడు నెలలు ఆమె ఆదాయం మునుపటి కంటే తగ్గింది. అక్క సర్దుతానన్న ఫీజు డబ్బులో కొంత ఆ లోటుకు వెళ్లింది. కోర్సుకు పెట్టాలనుకున్న డబ్బును మార్పు కాలానికి వాడుకోవడం సబబేనని ఆ అక్కకు నేనే వివరించాను.

మణికట్టు మీది పొక్కులు రావడం తగ్గి, తర్వాత ఆగాయి. పైకి మానినట్టు కనబడ్డాక కూడా చర్మం లోపలి బలం తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది కాబట్టి జాగ్రత్తలు సడలించొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. ప్రయోగం అయ్యాక ఒప్పందం కొనసాగింది. ఆ తర్వాతే ఆమె ఒక శిక్షణలో చేరింది. అది బోధన నేర్పే కోర్సు: పాఠం ఎలా కట్టాలి, పెద్దవాళ్లకు పని ఎలా నేర్పాలి, నేర్చుకున్నారో లేదో ఎలా పరీక్షించాలి. ఇప్పుడు వారంలో కొన్ని రోజులు సెలూన్‌లో, మిగతా రోజులు కలర్ థియరీ నేర్పుతూ గడుపుతోంది. ఆమె మొదటి పాఠం ఫార్ములాలతో మొదలవదు, గ్లౌజు తీసే పద్ధతితో మొదలవుతుంది.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

శాఖ మారాలని వచ్చేవాళ్లను ఇప్పుడు మొదటిసారే చేతులు, నడుము, భుజాలు, ఊపిరి గురించి అడుగుతున్నాను. జుట్టు రంగు తీసే బ్లీచ్ పౌడర్‌లోని పెర్‌సల్ఫేట్లనే రసాయనాల వల్ల ఆయాసం వచ్చినవాళ్లు కూడా "బోర్ కొట్టింది" అనే వస్తారు. శరీరం చెప్పేది సిగ్గుపడాల్సిన విషయం కాదని వాళ్లకు ముందుగా తెలియాలి, అప్పుడే నిజం చెబుతారు.

బ్యూటీ రంగంలో శాఖలను అందం లెక్కన పోల్చడం వల్ల పెద్దగా తేలేది ఏమీ లేదు. రోజు ఎప్పుడు మొదలవుతుంది, డబ్బు ఏ నెలలో వస్తుంది, క్లయింట్ ఎన్నాళ్లకోసారి తిరిగొస్తుంది, చేతులకు రోజంతా ఏం తగులుతుంది, చట్టం ఎక్కడిదాకా ఒప్పుకుంటుంది అని పోలిస్తే తేడాలు బయటపడతాయి. మేకప్ ఇంకొకరికి సరిగ్గా సరిపోవచ్చు. ప్రతిసారీ కొత్త ముఖం కావాలనుకునేవాళ్లు, సీజన్ ఆదాయంతో ఇల్లు నడపగలిగేవాళ్లు నాకు తెలుసు, వాళ్లు అందులో సంతోషంగా ఉన్నారు.

ఇంకా తేలని సంగతి ఒకటుంది. సెలూన్లలో సలహాకు విడిగా వెల కట్టే అలవాటు తక్కువ. ఈ ఓనర్ ఒప్పుకున్నారు కానీ ఆమె రేపు వేరే సెలూన్‌కి మారాల్సి వస్తే ఇదే హోదా దొరుకుతుందన్న భరోసా లేదు. అందుకే బోధన వైపు రోజులు పెంచుకోమంటున్నాను. ఫార్ములా కార్డులను, సరిచేసిన కేసుల ముందూ తర్వాతా ఫోటోలను, క్లయింట్ల అనుమతితో, పద్ధతిగా భద్రపరచమన్నాను. వచ్చే ఏడాది జీతం మాటలు మళ్లీ ఉంటాయి, అప్పుడు బల్ల మీద పెట్టడానికి అవి కావాలి.